అక్క పిల్లల్ని సాకుతూ అమ్మ కుంగిపోతోంది: సాయం ఎక్కణ్ణించి మొదలుపెట్టాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. సోంపేట దగ్గర పల్లెలో మీ అమ్మగారు, 61 ఏళ్లు, బీపీ, సుగరు రెండూ ఉన్నాయి. బావగారు మూడేళ్ల కిందట కిడ్నీ జబ్బుతో, అక్క ఏడు నెలల కిందట జ్వరంతో పోయారు. పదకొండేళ్ల పాప, ఆరేళ్ల బాబు అమ్మమ్మ దగ్గరే ఉన్నారు. బాబు దాదాపు రోజూ పక్క తడుపుతున్నాడు. పాప మాట తగ్గించేసింది. అమ్మకి నిద్ర లేదు, ఈ మధ్య రెండుసార్లు పిల్లాడిని కొట్టి, ఆ తర్వాత తనే ఏడుస్తూ కూర్చుంది. మీరు విజయనగరంలో ఉద్యోగం చేస్తున్నారు, నెలకి రెండుసార్లు వెళ్లగలరు. "పిల్లల్ని ఏ కౌన్సెలర్‌కి చూపించాలి?" అన్నది మీ ప్రశ్న.

పిల్లల సంగతికి తప్పకుండా వద్దాం. ముందు చూడాల్సింది మీ అమ్మగారిని. ఈ వయసు పిల్లలు తమ దిగులు నోటితో చెప్పలేరు, పెంచేవాళ్ల ముఖం చూసి ధైర్యమో భయమో తెచ్చుకుంటారు. వారానికి ఓ గంట కౌన్సెలర్ దగ్గర కూర్చోబెట్టినా, మిగతా వారమంతా వాళ్లు గడిపేది నిద్రలేని, ఒంట్లో బాగోలేని మనిషి దగ్గరే. ఆ మనిషికి వరసగా నాలుగు రాత్రులు నిద్ర పడితే ఇంట్లో సగం గొడవ తగ్గుతుంది.

ఇలాంటి ఇళ్లలో చుట్టుపక్కలవాళ్లు మరిచిపోయేది ఒకటుంది. పిల్లలకి తల్లి పోయింది, నిజమే. మీ అమ్మగారికి కడుపున పుట్టిన కూతురు పోయింది. పరామర్శకి వచ్చినవాళ్లంతా "పాపం పసిపిల్లలు" అనే ఉంటారు. పెద్దకర్మ అయ్యాక బిడ్డని పోగొట్టుకున్న తల్లిగా ఆవిణ్ణి పలకరించినవాళ్లు బహుశా ఎవరూ ఉండరు. పగలు పిల్లల ముందు ఏడవకూడదని బిగబడతారు. రాత్రి వాళ్లు పడుకున్నాక ఏడుద్దామనుకుంటే, అర్ధరాత్రి పక్క తడిసి బాబు లేస్తాడు. ఆవిడ నిద్ర పాడవడానికి పక్క తడపడం ఒక్కటే కారణమని నేననుకోను. ఏడవడానికి చోటు లేకపోవడం పెద్ద కారణం. అందుకని ఈసారి వెళ్లినప్పుడు పిల్లల్ని బడికి పంపాక, మీరిద్దరే కూర్చుని అక్క గురించే మాట్లాడండి. పిల్లల పెంపకం ఊసు ఎత్తొద్దు. అక్క చిన్నప్పటి ముచ్చట్లు అడగండి. ఏడిస్తే ఆపొద్దు.

ఫోన్‌లో "ఎలా ఉన్నావమ్మా" అని అడిగితే "బాగానే ఉన్నానే" అనే అంటాది. అలా కాకుండా లెక్క తేలే ప్రశ్నలు అడగండి. రాత్రి ఎన్నిసార్లు లేచావు? నిన్న మధ్యాహ్నం ఏం తిన్నావు? బీపీ మాత్రల అట్టలో ఎన్ని మిగిలాయి? ఆ మిగిలిన మాత్రల సంఖ్య చాలా నిజం చెబుతుంది. పెంచే బాధ్యత మీద పడ్డ పెద్దవాళ్లు మొదట వదిలేసేది సొంత మందులే. పొద్దున్న పిల్లల క్యారేజీల హడావిడిలో టిఫిన్ మానేస్తారు, టిఫిన్ లేదని సుగరు మాత్ర మానేస్తారు, లేదా ఖాళీ కడుపున మాత్ర వేసుకుని కళ్లు తిరిగి పడతారు. దీనికి చిన్న ఏర్పాటు చాలు. పిల్లలకి ఏది వండినా, వాళ్లు బడికి బయలుదేరక ముందే తనూ ఓ గ్లాసు చోడి అంబలైనా తాగి మాత్ర వేసుకోవాలి. మాత్రలు స్టవ్ పక్క గూట్లో కాకుండా, బాబుకి అందని ఎత్తులో, తన కంటికి కనబడే చోట పెట్టించండి.

వెళ్లినప్పుడు పీహెచ్‌సీకో విలేజ్ హెల్త్ క్లినిక్‌కో దగ్గరుండి తీసుకెళ్లండి. బీపీ, సుగరుతో పాటు హిమోగ్లోబిన్, క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష) చూపించండి. మీది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు వైపు మనిషికి, అందులోనూ బీపీ, సుగరు ఉన్నవాళ్లకి, క్రియాటినిన్ చూడకుండా వదలకూడదు. తేడా కనిపిస్తే పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభించిన 200 పడకల కిడ్నీ ఆస్పత్రి మీకు దగ్గరే. ఇంకో ముఖ్యమైన జాగ్రత్త. పిల్లాణ్ణి ఎత్తుకుని, దుప్పట్లు పిండి, ఒళ్లు నొప్పులని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర నొప్పుల సూది వేయించుకోవడం చాలామంది పెద్దవాళ్లకి అలవాటు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ జాతి మందులు మాటిమాటికీ వాడితే కిడ్నీలు దెబ్బతింటాయి, బీపీ పెరుగుతుంది. నొప్పికి ఏం వాడొచ్చో ఆమె రిపోర్టులు చూసిన డాక్టరునే అడగండి. అలాగే నిద్ర పట్టట్లేదని మందుల షాపులో ఎవరో ఇచ్చిన నిద్రమాత్ర అసలు వద్దు. వాటికి అలవాటు పడతారు, అర్ధరాత్రి పిల్లాడి కోసం లేచి తూలి పడితే తుంటి ఎముక విరుగుతుంది.

ఇది మామూలు అలసటా, దిగులు జబ్బా అన్నది ఎలా పోల్చుకోవాలి? మన వైపు ఆడవాళ్లు "నాకు డిప్రెషన్" అనరు. "గుండె దడగా ఉంది", "తల మోయలేకపోతున్నాను", "ఒళ్లంతా మంటలు", "ఏదీ సయించట్లేదు", "నీరసం" అంటారు. పరీక్షలన్నీ బాగానే ఉన్నా ఈ మాటలు రెండు వారాలకి పైగా రోజూ వినబడుతుంటే, దేని మీదా మనసు నిలవకపోతుంటే, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టకపోతే, అది చికిత్స ఉన్న జబ్బు. మందు, మాట రెండూ పనిచేస్తాయి. శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆస్పత్రిలో మానసిక వైద్యుల ఓపీ ఉంటుంది. అంతదూరం వెళ్లే ముందు, మానసిక సమస్యలకి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416కి మీ అమ్మగారి పక్కన కూర్చుని మీరే ఫోన్ కలపండి. 24 గంటలూ ఉంటుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మొదటి రెండు నిమిషాలు మీరు పరిస్థితి చెప్పి, తర్వాత ఫోన్ ఆవిడ చేతికివ్వండి. నంబరు కాగితం మీద రాసిచ్చి వస్తే ఆవిడ చేయరు.

ఇంకో ప్రశ్న నేరుగా అడగాలి: "చచ్చిపోతే బాగుణ్ణు అనిపిస్తోందా అమ్మా?" అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని భయపడకండి, అలా జరగదు. అడిగితే చాలామందికి గుండెల మీద బరువు దిగినట్టుంటుంది. "అవును" అంటే ఆ రోజు ఒంటరిగా వదలొద్దు, వెంటనే 14416కి చేయండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. "లేదు" అన్నా, ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే అవతలి కళ్లంలోకో, తాళం ఉన్న చోటికో మార్పించండి. పిల్లలున్న ఇంట్లో అది ఎలాగూ చేయాల్సిన పనే.

ఇక రాత్రి సంగతి. తల్లి పోయిన ఆరేళ్ల పిల్లాడు మళ్లీ పక్క తడపడం చాలా మామూలు. వాడు కావాలని చేయడు, నిద్రలో తెలియదు. తిట్టినా, నలుగురిలో చెప్పినా పెరుగుతుంది. మీరు చేయాల్సింది ఆ తడి వల్ల అమ్మ పోగొట్టుకునే నిద్రని తగ్గించడం. రబ్బరు షీట్లు రెండు కొనండి. మంచం మీద ఒక రబ్బరు షీటు, దానిమీద పాత నూలుచీర నాలుగు మడతలు, దానిమీద రెండో రబ్బరు షీటు, పైన మళ్లీ చీర మడత. అర్ధరాత్రి తడిస్తే పై రెండూ లాగి బకెట్లో పడేయడమే, కింద పొడి పక్క సిద్ధంగా ఉంటుంది. మార్చే లాగు దిండు పక్కనే ఉండాలి. లైటు వెయ్యక్కర్లేదు, మాట్లాడక్కర్లేదు, మూడు నిమిషాల్లో ఇద్దరూ మళ్లీ పడుకోవచ్చు. లేచి పెట్టె తీసి, దుప్పటి వెతికి, పిల్లాడిని కసురుకుంటే ముప్పావుగంట పోతుంది, ఆ తర్వాత నిద్ర రాదు.

నీళ్లు ఆపేయకండి. ఉద్దానం ఎండల్లో అది తప్పు. పగలంతా బాగా తాగించి, సాయంత్రం ఆరు దాటాక గుటకలకి తగ్గించాలి. పడుకునే ముందు అరగంట తేడాతో రెండుసార్లు ఒంటేలుకి పంపాలి. దొడ్డికి గట్టిగా అవుతోందా అని కూడా చూడండి, మలబద్ధకం ఉన్న పిల్లలు పక్క ఎక్కువ తడుపుతారు. పొద్దున్న తడిగుడ్డలు బకెట్ దాకా వాడే తీసుకెళ్తే మంచిది, శిక్షలా కాకుండా చిన్న పనిలా. పగలు కూడా లాగు తడుపుతున్నా, ఒంటేలు పోసేటప్పుడు మంట అన్నా, విపరీతంగా దాహం వేసి చిక్కిపోతున్నా ఆలస్యం చేయకుండా మూత్రం, సుగరు పరీక్ష చేయించాలి. అవేవీ లేకపోతే నెలల తరబడి ఓపిక పట్టాల్సిన విషయమని అమ్మకి ముందే చెప్పండి. వారంలో తగ్గుతుందనుకుంటేనే కోపం వస్తుంది.

తల్లి గురించి బాబుకి ఏం చెప్పారో కనుక్కోండి. "ఊరెళ్లింది", "నిద్రపోయింది" అని చెప్పి ఉంటే సరిచేయాలి. నిద్రపోయింది అని విన్న పిల్లలు పడుకోడానికి భయపడతారు. ఊరెళ్లింది అని విన్నవాడు, తనని ఎందుకు తీసుకెళ్లలేదా అని అనుకుంటాడు. "అమ్మ ఒంట్లో జబ్బు చాలా ఎక్కువైంది, డాక్టర్లు ప్రయత్నించినా నయం కాలేదు, చనిపోయింది. చనిపోయినవాళ్లు తిరిగి రారు. నువ్వు చేసిన అల్లరి వల్ల కాదు. మేం నీతోనే ఉంటాం." ఇంతే, ఇవే మాటలు. వాడు ఇదే ప్రశ్న నెలకి పదిసార్లు అడుగుతాడు, ప్రతిసారీ అదే జవాబు అదే గొంతుతో చెప్పాలి. ఆ ప్రశ్న విన్న ప్రతిసారీ మీ అమ్మగారికి గుండె కోసినట్టుంటుంది. అందుకని అప్పుడప్పుడూ జవాబు మీరు ఫోన్‌లో చెప్పండి: "ఈ ప్రశ్న పిన్నిని అడుగు" అని అమ్మ ఫోన్ ఇవ్వొచ్చు.

పాప విషయంలో నాకు ఎక్కువ దిగులు. గొడవ చేసే పిల్లాడి వైపు అందరూ చూస్తారు, నోరు మెదపని ఆడపిల్లని "ఎంత బుద్ధిమంతురాలో" అంటారు. ఆ పిల్ల ఇంట్లో చిన్న అమ్మ అయిపోతోందేమో చూడండి: తమ్ముడికి స్నానం, అన్నం, గిన్నెలు, నీళ్లు, అమ్మమ్మకి మాత్ర గుర్తుచేయడం. రోజుకి గంట పని ఇబ్బంది కాదు. అంతకు మించితే ముందు చదువు, తర్వాత మాట పోతాయి. ఎదురుగా కూర్చోబెట్టి "ఏమైందో చెప్పు" అంటే చెప్పదు. పక్కపక్కన పని చేసుకుంటూ, చిక్కుడుకాయలు తుంపుతూనో, జడ వేస్తూనో ఉంటే చెబుతుంది. పదకొండేళ్లంటే రేపోమాపో పెద్దమనిషి అవుతుంది. ఆ సంగతి చెప్పాల్సిన తల్లి లేదు. ఆ బాధ్యత మీరు తీసుకోండి, రక్తం చూసి బెదిరిపోకముందే చెప్పండి, ప్యాడ్లు ఇచ్చి ఎక్కడ పెట్టుకోవాలో చూపించండి. ఆ తర్వాత రెండు మూడేళ్లకి "తల్లి లేని పిల్ల, మేనమామకి కట్టబెట్టేస్తే బాధ్యత తీరిపోద్ది" అనే మాట చుట్టాల్లోంచి వస్తుంది. 18 నిండకుండా పెళ్లి చట్టరీత్యా నేరం. ఆ మాట మొదటిసారి విన్నప్పుడే ఇంటి తరఫున మీరు గట్టిగా వద్దనాలి. ముదిరితే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాలి.

ఇద్దరిలో ఎవరైనా బడికి ససేమిరా వెళ్లనంటున్నా, తిండి మానేసి చిక్కిపోతున్నా, "నేనూ అమ్మ దగ్గరికి పోతాను" అంటున్నా, తమని తాము గాయపరుచుకుంటున్నా అప్పుడు నిపుణులు తప్పనిసరి. అదే 14416, అదే శ్రీకాకుళం ఆస్పత్రి. అంతకన్నా పెద్ద వైద్యం కావాలంటే విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ప్రస్తుతం మీరు రాసిన లక్షణాలు ఇంట్లో కాస్త ఊపిరి తిరిగితే తగ్గే రకంగానే ఉన్నాయి.

కొట్టడం గురించి. దాన్ని దాచకుండా రాశారు, మంచిది. మీ అమ్మగారిని దోషిలా నిలబెట్టొద్దు, అలాగని "పిల్లలన్నాక నాలుగు తగలాల్సిందే" అని ఓదార్చొద్దు. చెయ్యి ఏ వేళప్పుడు లేస్తోందో కనుక్కోండి. చాలా ఇళ్లలో అది రెండు వేళల్లోనే: తెల్లవారి తడిపక్క చూసినప్పుడు, సాయంత్రం వంట, హోంవర్కు, పిల్లాడి ఏడుపు కలిసినప్పుడు. మొదటిదానికి రబ్బరు షీటు. రెండోదానికి సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా ఇంకో మనిషి ఉండాలి. కోపం తన్నుకొస్తే పిల్లాడిని పాప దగ్గరో, వీధరుగు మీదో కూర్చోబెట్టి, తను పెరట్లోకి వెళ్లి ముఖం కడుక్కుని, ఓ గ్లాసు నీళ్లు తాగి మీకు ఫోన్ చేయాలి. ఆ గంటలో మీరు ఫోన్ ఎత్తాలి. ఎత్తలేనప్పుడు ఎవరికి చేయాలో రెండో పేరు ముందే చెప్పి ఉంచండి. ఒకవేళ కొట్టేస్తే, కాసేపాగి "నాకు కోపం వచ్చి కొట్టాను, తప్పు నాదే" అని పిల్లాడితో చెప్పడం పెద్దరికానికి తక్కువేమీ కాదు.

ఆ సాయంత్రం మనిషిని ఎక్కణ్ణించి తేవాలి? "ఏదైనా అవసరమైతే చెప్పండి" అన్నవాళ్ల జాబితా రాయండి. ఎవరూ తమంతట తాము రారు, మీ అమ్మగారు నోరు తెరిచి అడగరు. మీరే వాళ్ల దగ్గరికి వెళ్లి, ఒక్కొక్కరికి ఒక్క పని, రోజు, వేళ చెప్పి ఒప్పించండి. పక్కింటి డిగ్రీ అమ్మాయి సోమ, బుధ, శుక్రవారాల్లో ఆరు నుంచి ఏడు దాకా ఇద్దరితో హోంవర్కు చేయించాలి, నెలకి కొంత డబ్బు మీరిస్తారు. మీ పెదనాన్న కొడుకు ప్రతి శనివారం బాబుని సైకిల్ మీద తిప్పాలి. ఇంకొకరు నెలకోసారి అమ్మని ఆస్పత్రికి తీసుకెళ్లాలి. మీ వంతు: నెలలో ఒక శని, ఆదివారాలు మీరు వెళ్లి పిల్లల దగ్గర పడుకోవాలి, ఆ రాత్రి అమ్మ వేరే గదిలోనో, తన చెల్లెలి ఇంట్లోనో పడుకోవాలి. దసరా సెలవుల్లో పిల్లల్ని వారం రోజులు విజయనగరం తెచ్చుకోండి. దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లి సిరిమాను చూపించి పంపొచ్చు. మొదటిసారి వారం ఎక్కువైతే రెండు రాత్రులతో మొదలుపెట్టండి. వెళ్లే ముందు బాబుకి "ఎన్ని రాత్రులు, ఏ రోజు తిరిగి అమ్మమ్మ దగ్గరికి" అని వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పండి. లేకపోతే అమ్మమ్మ కూడా పోయిందనుకుంటాడు.

ఇంకొకటి, నేను చాలా విలువైనదనుకునేది. ఉద్దానంలో అమ్మమ్మ, నాన్నమ్మ పిల్లల్ని పెంచుతున్న ఇల్లు మీదొక్కటే కాదు. ఊళ్లో డ్వాక్రా సంఘాల పని చూసే వీవోఏని, ఆశా కార్యకర్తని అడిగితే చుట్టుపక్కల అలాంటివాళ్లు ముగ్గురు నలుగురు ఎవరో చెప్పేస్తారు. నెలకోసారి, బడి ఉన్న రోజు మధ్యాహ్నం ఓ గంట, ఎవరో ఒకరి అరుగు మీద కూర్చుంటే చాలు. ఆఫీసర్లు వద్దు, ఉపన్యాసాలు వద్దు. ఒక్క నియమం: అడక్కుండా ఎవరూ సలహా చెప్పకూడదు. "మా గుంటడూ అలాగే చేసీవోడమ్మా" అని ఇంకో అమ్మమ్మ నోటి నుంచి వినడం మీరు, నేను చెప్పే వంద మాటల కంటే ఎక్కువ పనిచేస్తుంది.

డబ్బు, కాగితాలు. ఆవిడ నిద్రలేమిలో వీటి వాటా తక్కువేమీ కాదు. ఈ పని పూర్తిగా మీరు భుజాన వేసుకోండి. ఒక ఫైలు కొని ఈ వరసలో వెళ్లండి.

మొదట ఇద్దరి మరణ ధ్రువపత్రాలు. 21 రోజుల్లో నమోదు చేయించాలి. 30 రోజులు దాటి ఏడాదిలోపైతే పైఅధికారి రాతపూర్వక అనుమతి కావాలి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. అక్క మరణం ఇంట్లో జరిగి ఇంకా నమోదు కాకపోతే మీకు మిగిలింది ఐదు నెలలే. తర్వాత పిల్లల పుట్టిన సర్టిఫికెట్, ఆధార్, బడి రికార్డు మూడూ పక్కపక్కన పెట్టి పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం పోల్చండి. అన్ని దరఖాస్తులూ ఆగేది ఇక్కడే. బాబుకి ఐదేళ్లు దాటాయి కాబట్టి ఆధార్‌లో వేలిముద్రలు వేయించారా చూడండి. ఆ తర్వాత గ్రామ సచివాలయంలో పిల్లల్ని అమ్మమ్మ రైస్ కార్డులోకి, ఇంటి మ్యాపింగ్‌లోకి (ఏ ఇంట్లో ఎవరెవరు ఉన్నారో రాసే సచివాలయం రికార్డు) మార్పించండి. ఇంకా చనిపోయిన తల్లి పేరు కిందే ఉంటే ఏ పథకం డబ్బయినా ఆ ఖాతాకి పోయి తిరిగి వెళ్లిపోతుంది. బడికెళ్లే పిల్లల కోసం రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం పథకం కింద బిడ్డకి ఇచ్చే 15,000లో బడి నిర్వహణకి 2,000 పోను 13,000 ఖాతాలో పడతాయి. తల్లి లేనప్పుడు సంరక్షకుల ఖాతాకి రావాలంటే ఈ మార్పు అయి, ఆ ఖాతా ఆధార్‌తో జోడించి ఉండాలి.

అప్పుడు మిషన్ వాత్సల్య స్పాన్సర్‌షిప్, అంటే ఆసరా లేని పిల్లల పెంపకానికి ప్రభుత్వం ఇచ్చే నెలసరి సాయం. తల్లిదండ్రులిద్దరూ లేక చుట్టాల దగ్గర పెరుగుతున్న పిల్లలు నేరుగా దీని పరిధిలోకి వస్తారు. ఒక్కో బిడ్డకి నెలకి 4,000. కుటుంబ వార్షిక ఆదాయం పల్లెల్లో 72,000, పట్టణాల్లో 96,000 దాటకూడదు. అంగన్‌వాడీ టీచరు ద్వారా ఐసీడీఎస్ కార్యాలయానికి గానీ, శ్రీకాకుళంలోని జిల్లా బాలల సంరక్షణ విభాగానికి నేరుగా గానీ దరఖాస్తు ఇవ్వొచ్చు. మరణ పత్రాలు, పిల్లల ఆధార్, పుట్టిన సర్టిఫికెట్, బడి నుంచి స్టడీ సర్టిఫికెట్, అమ్మమ్మ ఆధార్, ఆదాయ ధ్రువపత్రం, రైస్ కార్డు, పిల్లల పేరున బ్యాంకు పాస్‌బుక్, ఫొటోలు, అన్నీ రెండేసి కాపీలు. ఇచ్చిన కాపీ మీద తేదీతో సంతకం, ముద్ర తీసుకోండి. ఇంటికొచ్చి విచారణ చేస్తారు, జిల్లా కమిటీ మంజూరు చేస్తుంది. మంజూరయ్యాక కూడా నెలనెలా ఠంచనుగా పడుతుందని లెక్క వేసుకోవద్దు, ఒక్కోసారి కొన్ని నెలలది కలిపి వస్తుంది. అందుకని ఆ డబ్బు నమ్ముకుని చిట్టీలు, వాయిదాలు పెట్టుకోవద్దు. పిల్లలు బడి మానేస్తే సాయం నిలిపివేయవచ్చు, అది గుర్తుంచుకోండి. తండ్రి బతికి ఉండి తల్లి మాత్రమే పోయిన ఇళ్లలో అర్హత ఇంత సూటిగా ఉండదు, అలాంటివాళ్లు తమ పరిస్థితి చెప్పి అడిగి చూడాలి.

విచారణకి వస్తారంటే మీ అమ్మగారు భయపడొచ్చు. "పిల్లల్ని హోంకి పట్టుకుపోతారు" అని ఊళ్లో ఎవరో అంటారు. బాల న్యాయ చట్టం, 2015 ప్రకారం హోం అన్నది ఆఖరి మార్గం, కుటుంబంలో పెరగడమే మొదటిది. ఆ వచ్చే ఉద్యోగి చూసేది పిల్లలు బడికి వెళ్తున్నారా, తిండి, భద్రత ఉన్నాయా అని. ఆ రోజు మీరు సెలవు పెట్టి పక్కన ఉండండి. చట్టంలో 44వ సెక్షన్ కింద ఉన్న ఫాస్టర్ కేర్ వేరు. అది బాలల సంక్షేమ సమితి ఉత్తర్వుతో, ఎంపిక చేసిన వేరే కుటుంబానికి బిడ్డని అప్పగించే పద్ధతి. సొంత అమ్మమ్మకి మామూలుగా దాని అవసరం రాదు.

అప్పులు కూడా చూడండి. అక్క బ్యాంకు పాస్‌బుక్‌లో మే, జూన్ నెలల్లో 436 రూపాయలో, 20 రూపాయలో కోత పడిందేమో వెతకండి. 436 అంటే ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమా, 2 లక్షలు వస్తుంది. 20 రూపాయలది ప్రమాదంలో పోతేనే. బావగారి పాస్‌బుక్ కూడా అలాగే చూడండి, అప్పటి కోత 436 కంటే తక్కువ ఉండొచ్చు. ఏడు నెలలు గడిచాయి కాబట్టి ఈ వారమే బ్యాంకులో అడగండి. సంఘంలో అక్క తీసుకున్న అప్పుకి బీమా ఉందేమో వీవోఏని అడగండి. మూలిగే నక్క మీద తాటికాయలా, వాయిదాల కోసం అమ్మ గుమ్మం దగ్గరికి ఎవరైనా వస్తుంటే ఒకటే సమాధానం: ఆవిడ హామీ సంతకం పెట్టి ఉండకపోతే కూతురి అప్పు ఆవిడ సొంత డబ్బులోంచి తీర్చక్కర్లేదు.

నాన్నమ్మ వైపు వాళ్ల గురించి మీరు ఒక్క వాక్యం రాశారు, కొబ్బరితోటలో వాటా గురించి మాట వచ్చిందని. పిల్లల వాటాని వాళ్ల పెదనాన్న గానీ, మీ అమ్మగారు గానీ కోర్టు అనుమతి లేకుండా అమ్మలేరు. పెంచుతున్నంత మాత్రాన ఆస్తి మీద హక్కు రాదు, ఇది ఇరుపక్షాలకీ వర్తిస్తుంది. ఏ కాగితం మీదా మీ అమ్మగారు వేలిముద్ర వేయకుండా చూడండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఆడవాళ్లకి, పిల్లలకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరుని ఇస్తారు, ఫోన్ నంబరు 15100. కానీ ఈ తగాదా వల్ల పిల్లలకి నాన్నమ్మ ఇంటి రాకపోకలు తెంచొద్దు. తండ్రిని పోగొట్టుకున్న పిల్లలకి తండ్రి పోలికలున్న మనుషులు కావాలి. నెలకో ఆదివారం అని ముందే అనుకుంటే అమ్మకి కూడా ఆ రోజు విశ్రాంతి.

పాపని కస్తూర్బా విద్యాలయంలో వేయమని కొందరంటారు. తల్లిదండ్రుల్లేని ఆడపిల్లలకి అక్కడ ప్రాధాన్యం ఉంది, ఆరో తరగతి నుంచి చేర్చుకుంటారు, చాలామందికి అది మంచి దారే. నా అభిప్రాయం, ఈ ఏడాది వద్దు. తల్లి పోయిన ఏడాదిలోపే ఇల్లు, తమ్ముడు కూడా దూరమైతే ఆ పిల్ల తనని వదిలించుకున్నారనుకుంటుంది. వచ్చే ఏడాది తనే చూసి వచ్చి, తనే సరేనంటే అప్పుడు ఆలోచించండి. అమ్మ ఒంట్లో పరిస్థితి అంతదాకా ఆగనిస్తుందా అన్నది మాత్రం క్రియాటినిన్ రిపోర్టు చూశాక చెప్పాలి.

రాబోయే నెలల్లో రెండు కష్టమైన రోజులున్నాయి, ఇప్పుడే క్యాలెండర్ మీద గుర్తుపెట్టి సెలవు అడగండి. సంక్రాంతికి మన వైపు పెద్దలకి బట్టలు పెడతాం. అక్క పేరున చీర పెట్టడం ఈసారే మొదలు. ఆ చీర పాపనే ఎంచుకోనివ్వండి, తర్వాత దాన్ని ఎవరు కట్టుకోవాలో కూడా తననే అడగండి. రెండోది సంవత్సరీకం. ఆ తేదీకి రెండు మూడు వారాల ముందు నుంచే బాబు పక్క మళ్లీ ఎక్కువ తడుస్తుంది, అమ్మ బీపీ పెరుగుతుంది, పాప ఇంకా ముడుచుకుపోతుంది. తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదటికొచ్చిందని ఎవరూ బెంబేలు పడకుండా ముందే చెప్పి ఉంచండి. ఆ రోజు వంట, వచ్చేపోయేవాళ్ల మర్యాద అమ్మ నెత్తిన పడకుండా వంటమనిషిని మాట్లాడండి. మీరు రెండు రోజుల ముందే వెళ్లి, కార్యం అయ్యాక ఇంకో రెండు రాత్రులు ఉండి రండి. చుట్టాలంతా వెళ్లిపోయి ఇల్లు ఖాళీ అయిన మర్నాటి రాత్రే మీ అమ్మగారికి మనిషి కావాలి.